మ్యాప్‌లో లేని ఇటిక నాలా

అది రెండువేల ఎనిమిది. కలకత్తాలో ఖిదిర్‌పూర్ ఓడల డాకులకి ఇవతల, ట్రాము రోడ్డు వారన మా క్వార్టర్లు. అందరం మునిసిపల్ పనివాళ్ళమే. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి మా తాతలొచ్చి ఇక్కడ చీపురు పట్టారు, మేమింకా దించలేదు. ఆ ఏడు వానలకి ముందు మా రోడ్డు మీద లైట్ రైలు వేస్తామని సర్కారు చెప్పింది. లైట్ రైలంటే ట్రాముకి అన్న, మెట్రోకి తమ్ముడు. రోడ్డు మధ్యన స్తంభాలు లేపి వాటి నెత్తిన నడుపుతారట. రైలు మీద నాకేం పగ లేదు. హౌరా ఎల్లాలంటే రెండు బస్సులు మారే మనిషిని, రైలొస్తే నాకే సుఖం. నా గొడవంతా ఆ స్తంభాల కాళ్ళు ఎక్కడ దించుతారన్న దాని మీద.

నాకు సంతకం మట్టుకే వచ్చు. మిగతాది చెప్పి రాయిస్తున్నాను. కోపంగా చెప్తున్నాను, అలాగే రాయమన్నాను.

నా పని గల్లీ పిట్లు. రోడ్డు అంచున ఇనప జాలీ మూతతో గుంటలుంటాయి చూడండి, అవి. వాన నీరు వాటిలో దిగి కిందనున్న పెద్ద నాలాలోకి పోతుంది. మేం జాలీ లేపి, పొడుగు కర్రకి బిగించిన గరిటెలాంటి దాంతో సిల్ట్ తోడతాం. సిల్టంటే అడుగున పేరుకున్న నల్ల బురద. దాన్ని రోడ్డు పక్కన కుప్ప పోసి, ఆరాక తోపుడు బండి మీద వ్యాట్‌కి చేరుస్తాం. పేట చెత్తంతా పోగుపడే చోటుని కలకత్తాలో వ్యాట్ అంటారు.

ఈ ఉద్యోగం నా మొగుడి చావుతో వచ్చింది. ఆఫీసు భాషలో డైడ్ ఇన్ హార్నెస్ కేసు. పనిలో ఉండగా మనిషి పోతే ఇంట్లో ఒకరికి పనిస్తారు. అతను పెద్ద నాలాలో దిగే గ్యాంగు మనిషి. మా రోడ్డు కింద ఉన్నది ఇంగ్లీషువాళ్ళ కాలం నాటి బ్రిక్ సూయర్, అంటే ఇటికలతో కట్టిన నాలా. కోడిగుడ్డు నిలబెట్టినట్టుంటుంది, మనిషి వంగి నడవొచ్చు. ఒకరోజు లోపల గ్యాసు కొట్టి పడిపోయాడు. తాడు కట్టి పైకి లాగారు. లాగిన మూత మా క్వార్టర్ల ఎదటే ఉంది. ఆ నాలా ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో బతికున్నప్పుడు అతను చెప్పాడు, పోయాక నా చేతులు చెప్పాయి.

చైత్రం ఎండల్లో సర్వే వాళ్ళొచ్చారు. మూడు కాళ్ళ యంత్రం పెట్టి, రోడ్డు మీద ఎర్ర రంగుతో సున్నా చుట్టి మధ్యలో అడ్డగీతలు కొట్టుకుంటూ పోయారు. వాళ్ళలో ఒక ఇంజనీరమ్మ, రుమా దిది. బెంగాలీలో దిది అంటే అక్క, మాషీ అంటే పిన్ని. గొడుగేసుకుని ఏదో పుస్తకంలో రాసుకునేది. రైలు కట్టే కంపెనీ తరఫున ఆమె రాసేది పర్యావరణం రిపోర్టట. రైలు కట్టక ముందే చెట్లకేటవుద్ది, నీళ్ళకేటవుద్ది, మనుషులకేటవుద్ది అని రాసి, పబ్లిక్ హియరింగ్ పెట్టాలి. హియరింగంటే జనాన్ని పిలిచి, మీరేమంటారని అడిగే మీటింగు.

ఒక ఎర్ర సున్నా సరిగ్గా మా మూతకి రెండడుగుల దూరంలో పడింది. నేను బండి ఆపాను.

"దిదీ, ఇక్కడ స్తంభం దించకండి. కింద నాలా ఉంది."

ఆమె మ్యాపు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇక్కడేం లేదు మాషీ. నాలా తూర్పున కాలవ పక్క నుంచి పోతుంది."

"అది తర్వాతేసిన పైపు. పాతది ఇదే. మా మూడు వీధుల నీళ్ళూ దీంట్లోకే."

"మ్యాప్‌లో లేదు మరి."

"నా మొగుడు దీంట్లోనే సచ్చాడు. మ్యాప్‌లో లేదంటే తిరిగొస్తాడేటి?"

ఆమె తలొంచుకుంది గాని, సున్నా చెరపలేదు.

స్తంభం దించడానికి భూమిలోకి పెద్ద బొరియ తవ్వుతారు. ఆ బొరియ ఇటిక నాలాని పగలగొడితే అక్కడితో దారి మూసుకుపోతుంది. మా ఇళ్ళ గచ్చు రోడ్డు కంటే పల్లం. మామూలు వానకే గుమ్మంలో చీలమండ ముణుగుద్ది. నాలా మూసుకుపోతే వచ్చేది వాన నీరు కాదు, మూడు వీధుల మురుగు. అది మంచాల మీదికొస్తుంది. ఎవరికి చెప్పను? మా వార్డులో కుళాయి దగ్గర్నించి కాటి దాకా అన్నీ తేల్చే పార్టీ మనిషి తపన్‌దా. అతనికి చెప్పాను.

"మీటింగు పెడుతున్నది మీకోసమే మాషీ. అన్నీ చూసుకుంటాం," అన్నాడు.

చూసుకున్నారు. చెప్తాను వినండి.

హియరింగ్ అని ఆఫీసు గోడకి కాయితం అంటించారు, ఇంగ్లీషులోనూ బెంగాలీలోనూ. మా గోడకి అంటించలేదు. ఆ రోజు మా గ్యాంగు సర్దారు సన్యాసిరావు, వరసకి నాకు మరిది, పొద్దున్నే వచ్చి, "ఇవాళ రోల్ కాల్ వార్డాఫీసులో కాదు, స్కూలు హాల్లో. హాలు ఊడ్చి కుర్చీలెయ్యాల," అన్నాడు.

రోల్ కాలంటే హాజరీ. సర్దారు కాయితం పడతాడు, మేం వేలిముద్ర వేస్తాం. వెయ్యకపోతే ఆ పూట నువ్వు పనికి రానట్టే. ఏళ్ళ తరబడి అదే అలవాటు. కాయితం కనపడితే చాలు, మా వేలు దానంతటదే ముందుకి పోద్ది. ఆ రోజు సన్యాసిరావు చేతిలో హాజరీ పుస్తకం లేదు, విడి కాయితాలున్నాయి.

"పుస్తకం ఏదిరా?" అన్నాను.

"ఆఫీసులో ఉండిపోనాది వదినా. దీనిమీద ఏసీండి, సాయంత్రం దాంట్లోకి ఎక్కించీస్తాను."

పైన బెంగాలీలో ఏదో టైపు కొట్టి ఉంది. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ తప్పు నాదే, ఇంకోడి మీద పెట్టను. అందరూ వేలేశారు, నేను తెలుగులో పైడమ్మ అని సంతకం పెట్టాను. పెట్టి హాలు ఊడ్చాను.

పదకొండుకి పెద్దమనుషులొచ్చారు. వేదిక మీద ఒక ఆఫీసరు, పక్కన తపన్‌దా, చివర రుమా దిది. చెట్లు కొట్టెయ్యొద్దని ఒక మాస్టారు మాట్లాడారు, న్యాయమే. కొట్టు ముందర బళ్ళు ఎక్కడ ఆపుకోవాలని ఒక షాపాయన అడిగాడు, అదీ న్యాయమే. నీళ్ళ మాట ఒక్కరూ ఎత్తలేదు. మేం వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాం. అప్పుడు ఆఫీసరు కాయితం చూసి చదివాడు: రోడ్డు పక్క క్వార్టర్లలో ఉండేవాళ్ళు ఈ పనికి తమకి ఏ అభ్యంతరమూ లేదని సంతకాలతో తెలియజేశారు. చదివి, అందరికీ కనపడేలా కాయితం పైకెత్తాడు.

ఊదారంగు వేలిముద్రలు. వాటి మధ్య తెలుగు అక్షరాలు ఒక్క చోటే ఉన్నాయి. నావి.

ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు చెప్తున్నా మండుతోంది. చీపురు పట్టుకునే ముందుకి నడిచాను.

"కూచో మాషీ," అన్నాడు తపన్‌దా, నవ్వుతూనే.

"కుర్చీ ఏసిందాన్ని నేను. ఎప్పుడు కూకోవాలో నాకు తెలుసు. బాబూ, ఆ కాయితం మా హాజరీ. మాది మాకు ఇచ్చీండి."

ఆఫీసరు కాయితం వంక చూశాడు, నా వంక చూశాడు. "ఇది సమ్మతి పత్రం. కింద మీ సంతకముంది."

"పని చేస్తే హాజరీ అన్నారు. రైలుకి ఒప్పుకున్నామని ఎవరన్నారు?"

సన్యాసిరావు పరిగెత్తుకొచ్చి నా మోచెయ్యి పట్టాడు. "వదినా, పరువు తియ్యకు. అవతల పెద్దోళ్ళున్నారు."

"నీ పరువు నా వేలి కిందుందేట్రా? పైనేటి రాసుందో నీకు తెలుసా, తెలీదా? అది చెప్పు."

వాడు నా మోచెయ్యి ఒగ్గేసి తపన్‌దా వైపు చూశాడు. తెలుసని దాంతోనే తెలిసిపోయింది. తపన్‌దా పట్టుకెళ్ళమన్నాడు, వీడు పట్టుకొచ్చాడు.

ఆఫీసరు గొంతు సవరించుకుని, "మీకేమైనా అభ్యంతరముంటే రాతపూర్వకంగా ఇవ్వండి," అన్నాడు.

"రాత రాదనే కదా బాబూ మా వేళ్ళు దొంగిలించారు."

ముందు వరసలో ఎవరో నవ్వారు. నన్ను చూసి నవ్వారో ఆఫీసరుని చూసి నవ్వారో తెలీదు. వెనక్కి తిరిగి చూస్తే మావాళ్ళు ఒక్కొక్కరే గోడ ఒగ్గేసి వస్తున్నారు. ఎవరూ అరవలేదు. వచ్చి బల్ల చుట్టూ నిలబడ్డారు, అంతే. వాళ్ళని దాటుకుని ఆఫీసరు బయటికి పోలేడు.

అప్పుడు రుమా దిది లేచింది. "నేను రాస్తాను సార్. ఆమె చెప్పింది చెప్పినట్టు."

"దిదీ, మీరు కంపెనీ మనిషి," అన్నాడు తపన్‌దా. ఈసారి నవ్వు లేదు.

"రిపోర్టు మీద ఉండేది నా పేరు," అందామె.

నేను చెప్పాను. ఇటిక నాలా ఎక్కడుంది, ఏయే వీధుల నీళ్ళు అందులో పడతాయి, పగిలితే ఎవరి ఇళ్ళు ముణుగుతాయి. రాశాక చదివి వినిపించమన్నాను. చదివింది. ఇళ్ళు మునిగిపోతాయేమోనని క్వార్టర్ల వాసులు భయపడుతున్నారు, అని ఉంది.

"భయం అని రాయొద్దు దిదీ. మాకు తెలుసు అని రాయండి."

కొట్టేసి రాసింది. మళ్ళీ చదివించాను. ఇంకోసారి చదివించాను. అప్పుడు సంతకం పెట్టాను, నా వెనక అందరూ వేలేశారు. మొదటి కాయితం మాత్రం ఆఫీసరు ఫైల్లో పెట్టి తాడు కట్టేశాడు.

"రేపు పదకొండుకి మా మూత దగ్గరికి రండి బాబూ, కళ్ళారా చూపిస్తాను," అన్నాను. వస్తానన్నాడు.

రాలేదు. రుమా దిది ఒక్కర్తే వచ్చింది.

మసీదు దాటాక బట్టలకి రంగులద్దే కార్ఖానా ఒకటుంది. రోజూ ఆ వేళకి తొట్లు కడిగి నీలం నీళ్ళు గల్లీ పిట్‌లో వదులుతారు. మ్యాపు నిజమైతే ఆ నీలం తూర్పున కాలవ పక్క పైపులో తేలాలి, ఇక్కడ కాదు. పిట్లు తోడేవాళ్ళకి ఇలాంటివి తెలుస్తాయి. ఏ వీధి బురదలో ఏం కలుస్తుందో, ఎంతసేపటికి ఎక్కడికొస్తుందో మా గరిటెకి తెలుసు. నేనూ ఇంకో ఇద్దరూ కొక్కేలు తగిలించి మూత లేపాం. దిది ముందుకి వంగబోయింది, జబ్బ పట్టి ఆపాను.

"ఆగండి. ముందు గ్యాసు పోనీండి. ఇక్కడ తొందరపడ్డోళ్ళని తాళ్ళతోనే తీస్తారు."

కాసేపు నిలబడ్డాం. తర్వాత ఆమె మంచి చుడీదారుతోనే రోడ్డు మీద బోర్లా పడుకుని లోపలికి టార్చి వేసింది. కింద ఇటికల మధ్య నుంచి మురుగు పారుతోంది. చూస్తూండగానే అది నీలమైంది. దిది టేపు దించి లోతు కొలిచింది, వెడల్పు కొలిచింది, అక్కణ్ణించి ఎర్ర సున్నా దాకా కొలిచింది. లేచేసరికి మోకాళ్ళకీ మోచేతులకీ మట్టి.

"మూడు నెలలు ఈ రోడ్డు మీద తిరిగాను మాషీ," అంది.

"నేను రోజూ ఇక్కడే ఉన్నాను. అడిగితే అప్పుడే చెప్పుదును."

దుర్గాపూజలయ్యాక ఆమె రిపోర్టు కాయితాలు పట్టుకుని మా ఇంటికొచ్చింది. స్తంభం గుర్తు రోడ్డు అవతలికి జరిపారు. దానికోసం ఆమె తన ఆఫీసులో చాలా మాటలు పడిందని నాకు తర్వాత తెలిసింది. ఆ మాట మట్టుకు మంచిగానే చెప్తాను. కానీ కాయితాలు తిప్పి చూపించమంటే, ముందర పేజీల్లో మా సమ్మతి పత్రం అలాగే ఉంది, ఊదారంగు వేళ్ళతో, నా సంతకంతో. మేం చెప్పింది ఎక్కడో చివర, చిన్న అక్షరాల్లో.

"మొదటిది తీసెయ్యలేదేటి?"

"తీయించాలని చూశాను మాషీ. ఒకసారి ఫైల్లో పడ్డ కాయితం తియ్యకూడదు, అది రూలు అన్నారు."

దొంగ కాయితానికి కాపలాగా రూలుంది. మనిషి చచ్చిన నాలాకి మ్యాపులో ఒక గీత లేదు. ఆ రోజు ఆమెకి టీ ఇచ్చాను, ఆ కాయితాలు మూసి ఆమె చేతికే ఇచ్చేశాను.

ఆ రైలు తర్వాత మాటల్లోనే ఆగిపోయింది. ఎందుకాగిందో మాకెవరూ చెప్పలేదు, మమ్మల్ని అడగలేదు కూడా. ఆ తర్వాతి వానల్లోనూ మా ఇళ్ళు మునగలేదు. నాలా పగల్లేదు గనక మునగలేదు. కాయితాల్లో మాత్రం ఈ రోజుకీ మేం ఒప్పుకున్నవాళ్ళమే. ఇంకో పేరుతో ఇంకో పని వస్తే ఆ ఫైలే తీసి, వీళ్ళు మంచివాళ్ళు, అభ్యంతరం లేదన్నారు అంటారు.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటే. మాకు తెలీదని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, వాళ్ళే అనుకున్నారు. తెలిసినవాళ్ళ నోరు అడ్డమొస్తుందని, వేలొక్కటీ తీసుకుపోయారు. చదువు రానివాళ్ళు కాయితానికి భయపడకూడదు, కాయితాన్ని మాట్లాడించాలి.

హియరింగ్ అయిన మర్నాటి నుంచే మొదలెట్టాం. సన్యాసిరావు పుస్తకం పట్టుకొచ్చి వేలెయ్యమన్నాడు. ఎవరూ చెయ్యి చాపలేదు.

"చదువు," అన్నాను.

"ఇది రోజూ ఏసేదే కదా వదినా."

"రోజూ ఏసీదే చదువు."

తేదీ చదివాడు, పేర్లు చదివాడు, పని ఎక్కడో చదివాడు. పక్కనే పంపు నడిపే బెంగాలీ అతన్ని పిలిచి, సన్యాసిరావు చదివింది నిజమేనా అని అడిగాం. నిజమే అన్నాక వేళ్ళు లేచాయి. నేను రిటైరయ్యాను. నా తర్వాత వచ్చినవాళ్ళూ అలాగే చేస్తున్నారు. రోల్ కాల్‌కి అరగంట ఎక్కువ పడుతోందని ఆఫీసులో ఇప్పటికీ సణుగుతారట. పట్టనీ.