అవ్వ గది ముందు మలుపు

నేను ఆత్మకూరు కాలేజీలో డ్రాఫ్టింగ్ చదువుతున్నాను. మేం కట్టబోయే ఇంటికి నేను గీసిన ప్లాన్‌ను మా సార్ మెచ్చుకున్నారు. కాగితం మీద అవ్వకు అర్థం కాదని, ఈ రోజు పొద్దున ఉదయగిరిలోని మా స్థలంలో అసలు కొలతలతో ముగ్గు పోసి చూపించాను. ఆమె గదులన్నీ తిరిగి, తన గది ముందు నడవ మలుపులో ఆగింది.

“ఈడ పెట్టె తిరగదు రా.”

“ఏం పెట్టె అవ్వా?”

“నన్ను సమాధుల తోటకి తీసకపొయ్యే పెట్టె. నిలబెట్టి మోస్తారా ఏంది?”

టేపు పెట్టి కొలిచాను. అవ్వ చెప్పిందే నిజం. ముగ్గు చెరిపి నడవను ఇంకో అడుగు వెడల్పు చేస్తే, “ఇప్పుడు బాగుండాది” అంది.

ఎందుకు మార్చావని రేపు సార్ అడిగితే, మంచం తిరగడానికని చెబుతాను. మీరైతే ఏమని చెబుతారు?