డబ్బాకు వచ్చిన మార్కులు

పోయాక కూడా వీధి మొత్తానికీ ఆయన డబ్బా మామయ్యే. రేడియోలు బాగుచేసిన చేత్తోనే విడిభాగాలు ఏరి తెచ్చి కంప్యూటర్లు బిగించేవాడు. వాటి గొప్పలు చెప్పడానికి మనిషి దొరికితే చాలు, అన్నం మాట మరిచిపోయేవాడు. అందుకని పేరు రెండు విధాలా అతికింది. ముందుగది నిండా వైర్లూ స్క్రూలే. అత్తయ్య కుట్టుమిషను మాత్రం వంటింట్లో, పొయ్యి సెగలో.

ఒకనాడు అత్తయ్య తమ్ముడు కంపెనీ కంప్యూటరు కొని, పసిబిడ్డలా ఎత్తుకొచ్చాడు.

“బావా, నీ అతుకుల బొంత దీని ముందు నిలుస్తుందా?”

“నిలవడమేంట్రా, పరిగెడుతుంది! బెంచ్‌మార్క్ అని వేగం పరీక్ష ఉంది, పెట్టి తేల్చేద్దాం.”

“ఓడితే ముందుగది నాది,” అంది అత్తయ్య గుమ్మంలోంచి.

“రాసిచ్చేస్తా పో!”

తెర ఒక్కటే కావడంతో, ఒకదాని తర్వాత ఒకటి తగిలించి రెండింటికీ అదే పరీక్ష పెట్టారు. మామయ్య డబ్బాకు డెబ్బై ఎనిమిది వచ్చింది. కొత్తదానికి తొంభై ఒకటి!

బావమరిది ఈలవేశాడు. మామయ్య మొహం మాడిపోయింది. అత్తయ్య కొంగు బిగించి, తమ్ముడి చేత మిషను మోయించి, ముందుగది కిటికీ పక్కన వేయించింది.

చెమట తుడుచుకుంటూ బావమరిది మళ్లీ తెరలోకి తొంగిచూశాడు.

“బావా... ఇవి మార్కులు కావు. సెకన్లు. పనికి పట్టిన టైము.”

“అంటే?”

“అంటే నాదే నత్త.”

మామయ్య ఎగిరి గంతేశాడు. బావమరిదిని వాటేసుకుని గదంతా గిరగిరా తిప్పాడు. స్క్రూల డబ్బీ కాలికి తగిలి గలగలా ఒలికినా ఆగలేదు.

“ఏమోయ్, మిషను తియ్యి! ముందు పని ముగించినవాళ్లదే గెలుపు!”

“అలాగా? అయితే నాతో పెట్టండి పందెం.”

చివరి అంచు మిగిలిన దిండు గలీబు సూది కింద పెట్టింది అత్తయ్య. మామయ్య తెరను తన డబ్బాకు తగిలించి, రొమ్ము విరుచుకుని పరీక్ష మీట నొక్కాడు. మిషను టకటకలాడింది. తెర మీద గీత పాకుతూ సగమైనా దాటకముందే ఆవిడ పళ్లతో దారం తెంపి, గలీబు తెచ్చి ఆయన తలకు తొడిగేసింది.

“చూడనివ్వవే! నాది ఇంకా ఎంతుంది?” లోపల్నుంచి నవ్వాపుకోలేక ఉక్కిరిబిక్కిరవుతూ అడిగాడు.

“చాలా ఉందండీ. ఈలోగా మీ వైర్లు వంటింట్లోకి సర్దుకోవచ్చు.”