కాశిం బాబాయ్ పొయ్యికి నోరెటు?

మా కాశిం బాబాయ్ ఏ వస్తువునీ కొట్లో కొనడు. "దీనికి కొనడమెందుకురా, మనమే కట్టేద్దాం!" అంటాడు. కట్టేస్తాడు కూడా. చిక్కల్లా ఏమిటంటే, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే చెయ్యి కదా, ఏది మొదలుపెట్టినా చివరికి లారీ అయి కూర్చుంటుంది.

కూతురు ఆఫ్రీన్‌కి ఉయ్యాల కడితే దానికి బంపరొచ్చింది. బీరువా వెనక "సౌండ్ హారన్" అని రంగులతో రాశాడు. ఆయన చేసిన మంచం మీద నేనోసారి కునుకు తీస్తే, మెలకువొచ్చేసరికి ఏలూరు దాటేశాం. మా గుణదలలో ఎవరూ నమ్మరు గానీ నా మాట నమ్మొచ్చు. టెన్తులోనే చదువుకి సెలవిచ్చేశాను కాబట్టి నా బుర్ర పుస్తకాల పాలబడి చెడిపోలేదు.

రెండు వేల నాలుగులో బెంజి సర్కిల్ వైపు పిజ్జా కొట్టొకటి తెరిచారు. ఆఫ్రీన్ పిజ్జా కావాలంది.

"దిబ్బరొట్టెకి టమాటా పూసి ఉల్లిపాయలు చల్లితే అదేగా! దానికి కొనడమెందుకు? పొయ్యే కట్టేద్దాం!"

బేగం బీ పిన్ని నెత్తి కొట్టుకుంది. "పిల్ల ఒక్క ముక్క అడిగితే పెరడంతా తవ్వుతారేంటండీ! దీనికెన్ని టైర్లు పెడతారు?"

ఆ రోజుల్లోనే పక్కింటి శౌరమ్మ గారికి పెద్ద చిక్కొచ్చి పడింది. ఆవిడ క్రిస్మస్‌కి కేకులు కలిపి, ట్రేలు బేకరీకి పంపి కాల్పించి అమ్ముకునేవారు. ఆవిడ బతుకంతా ఆ కేకుల మీదే. ఆర్డర్లన్నీ ఒప్పుకున్నాక, బేకరీ కొత్త ఓనరు బయటివాళ్ళ ట్రేలు కాల్చనన్నాడు.

బాబాయ్ గోడ మీంచి కేకేశాడు. "శౌరమ్మ గారూ, మేం పొయ్యి కట్టబోతున్నాం. మీ ట్రేలు తెచ్చేసుకోండి!"

"వద్దండీ. సొంత అన్నదమ్ముల గుమ్మమే తొక్కలేదు నేను. ట్రేలు నెత్తినెట్టుకుని మీ పెరట్లోకొస్తానా?" అని ఆవిడ తలుపేసుకున్నారు. పక్కింట్లో కాస్త చక్కెర కూడా అడగని మనిషి.

మర్నాడు బాబాయ్ మధ్య గోడ కొంత పడగొట్టి, ఆ సందులో పొయ్యి మొదలెట్టాడు. ఆటోనగర్‌లో ఎవరో కూల్చేసిన కొలిమి ఇటుకలు తెచ్చాడు. ఇసక కుప్ప పోసి, తడి కాగితాలు కప్పి, దాని మీద ఇటుకల్ని గుమ్మటంలా పేర్చాడు. గట్టిపడ్డాక నోట్లోంచి ఇసక తోడేస్తే లోపలంతా ఖాళీ. తలుపుకి లారీ వెనక ఉండే గొళ్ళెం, గొలుసుతో సహా బిగించాడు. అంతా బ్రహ్మాండంగా ఉంది, పొయ్యి నోరు శౌరమ్మ గారి పెరట్లోకి ఉందన్నమాటే గానీ.

"బాబాయ్, నోరు అటు పెట్టేశావు!"

"ముందు నీ నోరు ముయ్యరా."

"పిజ్జా పెట్టాలంటే వీధంతా చుట్టి వెళ్ళాలి మనం!"

"లారీ అన్నాక యూటర్న్ ఉండదేంట్రా?"

పేటంతా వచ్చి చూసి నవ్విపోయింది. రాలేనివాళ్ళ కోసం నేను ఈ కథని పటమట దాకా మోసుకెళ్ళాను.

శౌరమ్మ గారు చీపురుతో బయటికొచ్చారు. "ఏమండీ కాశిం గారూ, మా పెరట్లో ఈ ఇసకేంటి? ఈ నోరేంటి?"

బాబాయ్ చేతులు నలుపుకున్నాడు. "పొరపాటైపోయిందమ్మా. పడగొడదామంటే ఆఫ్రీన్ ఏడుస్తోంది. అలాగే వదిలేస్తే చెమ్మెక్కి పగిలిపోద్ది. రోజూ మంటపడాలి దీనికి. నేనా పొద్దున పోతే రాత్రికొస్తాను. మీరు గనక ఓ నాలుగు ట్రేలు పెట్టి, దీన్ని కాస్త వేడిగా ఉంచారంటే మీ మేలు మర్చిపోనమ్మా."

ఆవిడ పొయ్యిని చూశారు, బాబాయ్‌ని చూశారు. "సర్లెండి. ఇరుగుపొరుగన్నాక ఆ మాత్రం సాయం చెయ్యకపోతే ఎలా?"

క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం మేం పిజ్జా పళ్ళెంతో వీధి చుట్టి ఆ పెరట్లోకెళ్ళాం. కేకుల వాసనకి నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

"ఇంకా రెండు వాయిలున్నాయి. వరసలో నిలబడండి," అన్నారు శౌరమ్మ గారు.

గోడవతల పిన్ని పగలబడి నవ్వింది. బాబాయ్ పొయ్యిలోకి తొంగి చూసి, "మంట కొంచెం తగ్గించాలేమోనమ్మా," అన్నాడు.

"మీరు ఇవతలికి రండి. నా పొయ్యి సంగతి నాకు తెలీదా?"

నా పొయ్యి! బాబాయ్ ముఖం వెలిగిపోయింది. ఆఫ్రీన్‌ని ముందు నిలబెట్టి, బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని తను వెనక నిలబడ్డాడు.