సబ్బుల బొమ్మలు వచ్చేదాకా

అరోరాలో అమ్మతో కలిసి ఆవిడ ఇల్లు ఖాళీ చేస్తూ, బేస్‌మెంట్‌లోని పాత టీవీకి ప్లగ్ పెట్టాను. కాసేపటికి వేడెక్కిన దుమ్ము వాసన గుప్పున ముక్కుకు తగిలింది.

ఎనభైల మొదట్లో మా చలికాలాలన్నీ ఆ వాసనలోనే గడిచాయి. స్కూల్ బస్సు దిగి, మెడలో వేలాడే తాళంచెవితో తలుపు తీసుకుని, తడి బూట్లయినా విప్పకుండా అన్నయ్యా నేనూ కార్పెట్ మీద బోర్లా పడితే, అమ్మానాన్నా డ్యూటీల నుంచి వచ్చేదాకా లేచేవాళ్ళం కాదు. "చూడనీ, అమెరికన్ యాక్సెంట్ బాగా వస్తుంది" అనేవారు నాన్న, అదేదో ట్యూషన్ మాస్టారన్నట్టు. ఆకలి, దాహం, హోమ్‌వర్క్, కొట్లాట, ఏదైనా సరే కమర్షియల్ వచ్చినప్పుడే. మా వీధిలో మా ఈడు పిల్లలందరిదీ అదే లెక్క.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు తెనాలి నుంచి అమ్మమ్మ వచ్చింది. పగలంతా పలకరించే మనిషి లేక, మేం వచ్చే వేళకు వాము వాసనతో ఘుమఘుమలాడే చేగోడీలు వేయించి, పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడేది. పాపం, ఎన్ని కబుర్లు దాచుకునేదో! నేను పళ్ళెం లాక్కుని, "ష్! కమర్షియల్ వచ్చాక చెప్పు అమ్మమ్మా" అనేదాన్ని. వారం తిరిగేసరికి ఆవిడకీ అలవాటైపోయింది. సోఫా అంచున కూర్చుని, ప్రకటనలు మొదలవగానే, "సబ్బుల బొమ్మలొచ్చాయిగా, ఇప్పుడు చెప్పొచ్చా తల్లీ?" అని అడిగి, గబగబా ఒక ముక్క చెప్పి మళ్ళీ నోరు మూసుకునేది. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ మధ్యాహ్నం మంచు కురుస్తోంది. అన్నయ్య ఇంకా స్కూల్లోనే ఉన్నాడు. వెనక నుంచి "బుజ్జీ" అంది అమ్మమ్మ. తల తిప్పకుండానే, ఆగమని చెయ్యెత్తాను. ఆగింది. ప్రకటనలు వచ్చాయి. మాట లేదు. తిరిగి చూస్తే, గుండె మీద అరచెయ్యి అదిమిపెట్టుకుని, చెమటలు కారుతూ, టీవీకేసే చూస్తోంది.

"నొప్పిగా ఉందే తల్లీ" అంది, అడిగి మరీ చెప్పే ఓపిక లేక.

అంబులెన్స్‌కి ఫోన్ చేయడం కూడా టీవీ చూసే నేర్చుకున్నాను. వాళ్ళు వచ్చేసరికి అమ్మమ్మ లేదు. నేను చెయ్యెత్తిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ పాత టీవీలో ఇప్పుడు ఏ ఛానెలూ రాదు, తెల్లటి చుక్కలు తప్ప. పైన మా పిల్లలు చూసేవాటిలో ప్రకటనలే ఉండవు. అమ్మ మెల్లగా మెట్లు దిగివచ్చి టీవీని చూసి, నలభై ఏళ్ళుగా అనే మాటే మళ్ళీ అంది: "పిలవనైనా పిలవకుండా పోయిందే మా అమ్మ."

టీవీ ఆపేశాను.

"పిలిచిందమ్మా" అన్నాను.