టావెర్న్ మెట్ల కోసం ప్రార్థన

అమెరికాలో మా ఆష్‌బర్న్‌కి పావుగంట దూరంలో, పాత రహదారి పక్కన ఒక టావెర్న్ ఉంది. బ్రిటిష్ వాళ్లు ఈ ప్రాంతాన్ని ఏలిన రోజుల్లో గుర్రపు బండ్ల మీద వచ్చినవాళ్లు రాత్రికి ఆగి తిని, తాగి, పడుకోవడానికి కట్టిన ఇల్లు. ఇప్పుడది మ్యూజియం. తాగడానికి దొరికేది కుళాయి నీళ్లే. శనివారం పొద్దున పిల్లలకు కొవ్వొత్తులు చేయడం నేర్పుతారని మా ఆరేళ్ల అమ్మాయిని తీసుకెళ్తుంటాను. మేడ మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. "పడతాను, పడతాను" అంటూ నేను గోడ పట్టుకుని దిగుతుంటే అది నన్ను జాలిగా చూస్తుంది.

ఈమధ్య మా తెలుగు చర్చిలో సండే స్కూల్ చిన్న క్లాసుకు టీచర్ కావాలన్నారు. వెంటనే పేరిచ్చాను. నేను పక్కన లేకపోతే మా అమ్మాయి ఆ గదిలో కూర్చోదు. దాని ఏడుపు హాలంతా వినబడుతుంది. ఆ క్లాసు నాకు రాకపోతే మా ఆదివారాలకు శాంతి లేదు.

పేరిచ్చిన ఆదివారమే, ఎవరికోసం ప్రార్థించాలో చెప్పమని ప్రార్థనా మనవులు అడిగారు. గదిలో కూర్చోలేని ఆ పిల్లే వెళ్లి మైకు పట్టుకుంది.

"మమ్మీ ఎవ్రీ సాటర్‌డే టావెర్న్‌కి వెళ్తది. అక్కడ మమ్మీ పడిపోతది. ప్లీజ్ ప్రే చెయ్యండి."

నేను లేచేసరికే పాస్టర్ గారు కళ్లు మూసుకున్నారు. మా ఆయన బైబిల్‌లో తల దాచుకున్నారు. వెనక వరసలోంచి "ఆమెన్" ఎన్నడూ లేనంత గట్టిగా వినబడింది.

కాఫీ దగ్గర ఒక ఆంటీని పట్టుకుని, "అది మ్యూజియం ఆంటీ" అన్నాను.

"మొదట్లో అందరూ ఏదో ఒకటి చెప్తారులేమ్మా" అందావిడ.

క్లాసు సంగతి తేల్చవలసిన పాస్టరమ్మగారు అదేం చోటో చూస్తానని శనివారం స్వయంగా నాతో, మా అమ్మాయితో బయల్దేరారు. తెల్లచీర, పెద్ద హ్యాండ్‌బ్యాగ్. టావెర్న్‌లో మొదట చెక్క ఊచల వెనకున్న కౌంటర్ చూపించాను. ఒకప్పుడు సీసాలు, గ్లాసులు ఉండేది దాని వెనకే. రాత్రి ఊచల తలుపు దించేసేవారు. ఆవిడ ఊచలు పట్టుకుని ఊపారు.

"తాళం ఉందా?"

"లోపల ఏమీ లేదమ్మగారూ."

తగరపు లోటా ఎత్తి వాసన చూశారు. మైనం వాసన వచ్చినట్టుంది, దించేశారు. పై గదిలో, ముక్కూమొహం తెలియని బాటసారులు ముగ్గురేసి ఒకే మంచం మీద పడుకునేవారని చెప్పాను.

"మా ఊరి కన్వెన్షన్ సభల్లో రాత్రిళ్లు ఒక్క చాప మీద అయిదుగురం" అన్నారు, అదేం పెద్ద విషయమన్నట్టు.

ఈ ఊళ్లో చర్చి కట్టకముందు ఊరూరా తిరిగే బోధకులు ఈ హాల్లోనే వాక్యం చెప్పేవారట. అది విన్నాక ఆవిడ మొహం విప్పారింది. "మనం మాత్రం? అద్దెకు తీసుకున్న స్కూల్ క్యాంటీన్లో పిజ్జా వాసన మధ్య ఆరాధన చెయ్యట్లేదూ!"

దిగేటప్పుడు ఆవిడే గోడ పట్టుకున్నారు. "పడతానే తల్లీ, పట్టుకో." మా అమ్మాయి ఆవిడనీ జాలిగా చూసింది.

మర్నాడు ఆవిడ మైకు తీసుకున్నారు. "పోయిన వారం మన సిస్టర్ కోసం ప్రార్థించాం. దేవుడు జవాబిచ్చాడు. నేనే వెళ్లి కళ్లారా చూశాను. ఇంక ఏ భయమూ లేదు. చిన్నపిల్లల క్లాసు ఆమెదే."

చప్పట్లు మోగాయి. కాఫీ దగ్గరి ఆంటీ వచ్చి నా రెండు చేతులూ పట్టేసుకుంది. "మానేశావంటగా! ఎంత గొప్ప సాక్ష్యం! మా అన్నయ్య ఇప్పటికీ మానలేకపోతున్నాడమ్మా. ఎట్లా మానావో చెప్పవా?"

చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో సండే స్కూల్ గదిలోంచి మా అమ్మాయి ఏడుపు మొదలైంది.

"ప్రభువు కృప ఆంటీ" అనేసి క్లాసుకు పరుగెత్తాను.