తప్పు సామానుదే అనే కొమురెల్లన్న

జనగామ బస్టాండ్ ఎదురుగ నాది చాయ్ బండి. నా పేరు రాజీ. బండి పక్కనే, గోడకు ఆనుకొని కొమురెల్లన్న రిపేరు డబ్బా ఉంటది. గొడుగులు, తాళాలు, టార్చిలైట్లు, సంచుల జిప్పులు, ఏది తెచ్చినా కాదనడు. పదకొండేండ్ల సంది ఆయన పక్కన నిలబడి చాయ్ పోస్తున్న. నాకు నోరెక్కువ, ఆయనకు మాట తక్కువ. అందుకే మా ఇద్దరికి మంచిగ కుదిరింది.

ఆయనకు ఒక గుణం ఉంది. సామాను ఎందుకు చెడిపోయిందో చూడంగనే తెలుస్తది గని, తప్పు మనిషి మీద ఎన్నడూ పెట్టడు. సామాను మీదనే పెడ్తడు. ఒకామె కుక్కర్ మూతను బండకేసి కొట్టి తెచ్చింది. సొట్ట అంత పెద్దగ కనవడుతుంటే, ఈ కంపెనీ రేకే పలుచగ ఉంటదమ్మా అన్నడు. టార్చిలైటును బావిల పడేసుకున్న ముసలాయనకు, గిసొంటి లైట్లకు తడి పడదు బాపు అని చెప్పి పంపిండు. తన దగ్గరికి వచ్చినోళ్లు మొఖం చిన్నగ చేసుకొని పోవద్దు, గదే ఆయన పట్టింపు. ఇంట్ల కూర మాడినా పొయ్యినే తిడతడని ఆయన భార్య సుమనక్క చెప్పి నవ్వుతది.

నాకు గీ గుణం మొదట్ల మస్తు నచ్చేది. తర్వాత నా ఇంటి మీదికే వచ్చింది.

మా ఆయన హన్మంతు బోరు మోటర్ల మెకానిక్. పెద్దవంగర దాక రైతులు ఫోన్ చేసి పిలుస్తరు. జేబుల ఎప్పుడూ ఒక మడత చాకు ఉంటది. వైరు మీది తొడుగు గీకాలన్నా, టేపు కొయ్యాలన్నా గదే. తెరిస్తే లోపల ఒక సన్నటి ఉక్కు రేకు టక్కుమని జరిగి, బ్లేడు వెనక అడ్డం నిలుస్తది. గదే దాని లాకు. ఆ రేకు సరిగ నిలవకపోతే, ఒత్తి పని చేసేటప్పుడు బ్లేడు మడతపడి వేళ్ల మీద పడ్తది.

కరెంటు పని చేసే మొగడున్న ఆడిదానికి భయం లేకుంట ఉంటదా? పొద్దున పోయిన మనిషి మళ్ల గడప తొక్కేదాక నా పాణం నా దగ్గర ఉండదు. అందుకే దసరానాడు ఇంట్ల పనిముట్లన్నీ కడిగి పూజ చేసేటప్పుడు, పానాలకు, ప్లేర్లకు ఒక్కొక్క బొట్టు పెట్టి ఊకునేదాన్ని గని, చాకును మాత్రం తెరిచి మరీ, పసుపు కుంకుమ నూనెల కలిపి సందుల్లకు దండిగ పూసేదాన్ని. ఎంత లోపలికి పోతే అంత రక్ష అని నా నమ్మకం.

దసరా పోయి నెల దాటకముందే ఆ లాకు జారుడు మొదలయ్యేది. నేనే తెచ్చి కొమురెల్లన్నకు ఇచ్చేదాన్ని. మొదటేడు స్ప్రింగు అలిసిందన్నడు. రెండో ఏడు స్క్రూ వదులైందన్నడు. మూడో ఏడు అసలు ఇనుమే మంచిది కాదన్నడు. అటు తిరిగి కూసొని ఏదో చేసి ఇచ్చేటోడు, మళ్ల దసరా దాక చాకు మంచిగ పని చేసేది. ఏటేటా ఒక్క తీరుగ చెడిపోవుడేంది, నీకు పని వస్తదా రాదా అని నలుగుట్ల ఎన్ని మాటలన్ననో. అన్నీ పడ్డడు.

పోయినేడు కార్తీకంల, ఇంకా రిపేరుకు ఇయ్యకముందే, పెద్దవంగర దగ్గర స్టార్టర్ డబ్బా ముందు కూసొని వైరు గీకుతుంటే, ఆ చాకు మడతపడి మా ఆయన చూపుడు వేలు మీద పడ్డది. ఆరు కుట్లు పడ్డయి. ఇంకొంచెం లోతుకు దిగితే నరం తెగి వేలు వంగకపోయేదని దవాఖానల డాక్టరమ్మ చెప్పింది. వేలు వంగని మెకానిక్‌ను ఎవలు పిలుస్తరు? నాకు ఏడుపు ఆగలే. ఏడుపు ఆగినంక గుస్స ఆగలే. కొత్త చాకు కొనుక్కోమంటే, పని నేర్పిన మేస్త్రీ తన చేతులతోని ఇచ్చింది, పారెయ్యనంటడు. కుట్లు ఇప్పంగనే మళ్ల గదే జేబుల పెట్టుకుంటడు, ఆ మొండితనం నాకు తెల్వదా? ఆలోపల ఆ లాకు బాగుపడాలె.

తెల్లారి చాకు తెచ్చి కొమురెల్లన్న డబ్బా మీద కొట్టిన. ఇగో నీ రిపేరు, మా ఆయన వేలు పోతుండె అన్న. బస్సు ఎక్కేటోళ్లు గూడ ఆగి చూసిండ్రు. కొమురెల్లన్న మొఖం పాలిపోయింది. ఎన్ని కుట్లని అడిగిండు, చెప్పిన. ఈసారి అటు తిరగలే. నన్ను స్టూలు మీద కూసోవెట్టి, నా కండ్ల ముందే స్క్రూలు ఇప్పిండు.

లాకు రేకు వచ్చి నిలిచే మూలల పచ్చగ, ఎర్రగ గట్టిపడ్డ ముద్ద ఉంది. సూదితోని గీకితే పెచ్చులు పెచ్చులుగ లేచింది. గది ఏందో నాకు ఒకలు చెప్పే పని లేదు.

“ఇది పేరుకపోతే రేకు సగమే వస్తది, పైంగ నూనెకు జారుతది,” అన్నడు మెల్లగ. “తప్పు చాకుది కాదు చెల్లె.”

ఆయన నోట్ల ఆ మాట వినుడు నాకు గదే మొదటిసారి. మా ఆయనకు ఏం కావొద్దని పెట్టిన బొట్టే మా ఆయన వేలు కోసింది. స్టూలు మీద కూసొని, అందరు చూస్తుండంగనే ఏడ్చిన.

జరసేపటికి మళ్ల నా గుస్స నాకు వచ్చింది. మూడేండ్ల సంది తెలిసి ఎందుకు చెప్పలేదని నిలదీసిన. తల వంచుకున్నడు.

“ఆ బొట్టు పెట్టినంకనే నాకు ధైర్యమని మొదటేడు నువ్వే అన్నవు. నీ ధైర్యాన్ని తప్పని ఎట్ల అంట? ఏడాదికోసారి నేనే కడిగి ఇస్తే పాయె అనుకున్న. చాకుది గాదు, నీది గాదు. తప్పు నాది.”

ఇద్దరం కలిసి చేసిన పనే అది. చెరొక చాయ్ తాగినం.

తాగినంక పని మీద కూసున్నడు. ముక్కలన్నీ పెట్రోల్ల ముంచి, పాత బ్రష్షుతోని కడిగి, తుడిచి ఎండకు పెట్టిండు. రేకును సన్న ప్లేరుతోని పిసరంత లోపలికి వంచిండు. రేకు నిలిచే తావుల నూనె చుక్క పడనియ్యలే. బిగించినంక తెరిచి, వేళ్లు దూరం పెట్టి, బ్లేడు వీపును చెక్కకేసి ఒత్తిండు. నన్ను గూడ గట్ల ఒత్తమన్నడు. నాకున్న గుస్సనంత పెట్టి పదిసార్లు ఒత్తిన. వరంగల్ బస్సు కదిలింది గని అది కదలలే.

ఇగ ఇస్తడనుకొని చెయ్యి చాపితే ఇయ్యలే. ఒక పాత తాళం నుంచి కందిగింజంత ఇత్తడి ముక్క కోసి, పిడి చివర, బయటి దిక్కు, బ్లేడుకు దూరంగ బిగించిండు.

“నీ బొట్టు జాగ గిది,” అన్నడు.

మొన్న దసరాకు ఆ ఇత్తడి మీద చిటికెన వేలుతోని ఒక్కటే బొట్టు పెట్టిన. మా ఆయన కుట్ల మచ్చ ఉన్న వేలు వంచి చూపించి, ఇగ ఒక్క బొట్టే చాలా అని నవ్విండు. నెల దాటింది, రెండు నెలలు దాటినయి. లాకు జారలే. పొద్దున ఆయన జేబుల చాకు పెట్టుకునే ముందు నేనే తెరిచి ఆ టక్కు వింట, అప్పుడు పొమ్మంట.

కొమురెల్లన్నకు మాత్రం ఒక షరతు పెట్టిన. ఇగ మీద తప్పు ఎవరిదైతే వాళ్ల మొఖం మీదనే చెప్పాలె, లేకుంటే చాయ్ బంద్ అన్న. నిన్న ఒక సారు తడి గొడుగు మడిచి పెట్టి, చువ్వలన్నీ తుప్పు పట్టించి తెచ్చిండు. ఈ కంపెనీ చువ్వలే, అని మొదలుపెట్టిండు కొమురెల్లన్న. నా దిక్కు చూసిండు. నేను గిలాస పట్టుకొని, పొయ్యకుంట నిలబడ్డ.

“సార్, తప్పు మీదే. తడిది మడవకుండ్రి,” అన్నడు.

సారు మొఖం చిన్నగైంది. అది చూసి కొమురెల్లన్న పాణం ఒప్పలే. చువ్వలు గూడ అంత మంచియి కావు తియ్యండ్రి అని కలిపిండు. పోనీ, నిజం ముందుగాల చెప్పిండు గద అని చాయ్ పోసిన.