మా పశువుల పాకలో మిలట్రీ లారీ

మా చిన్నప్పుడు... క్రిస్మస్ నెల రాగానే ముందు వసారాలో బాలయేసు బొమ్మకి పశువుల పాక కట్టేవాళ్లం. కొబ్బరి మట్టలు నిలబెట్టి, పైన కమ్మలు పరిచి, కింద వరిగడ్డి వేసి... మామ్మ చేటలో బొమ్మలన్నీ పెట్టుకుని వచ్చి కూర్చునేది.

ఆ బొమ్మల్ని చూడాలి మీరు... ఏడాదికొకటి చొప్పున, దొరికిన చోటల్లా కొన్నవాయె. ఒకదానికొకటి పొంతన ఉండేది కాదు. గొర్రె ఒంటె కంటే పెద్దది. మరియమ్మ బొమ్మ పగిలితే అమలాపురంలో ఇంకోటి తెచ్చారు... ఆవిడ తొట్టిలో ఉన్న బాలయేసు కంటే కాస్తే పెద్దది. మాకెవరికీ అది తప్పనిపించలేదు.

ఆ ఏడాది నాన్నకి సెలవు దొరకలేదని కబురొచ్చింది. మా నాన్న మిలట్రీలో లారీ తోలేవారు. ఎక్కడో సరిహద్దులో ఉండేవారు, ఏడాదికోసారి వచ్చేవారు. అంతకుముందు వచ్చినప్పుడు నాకో ఆకుపచ్చ మిలట్రీ లారీ బొమ్మ తెచ్చారు. ఇనపది. బెత్తెడే ఉన్నా తలుపులు తెరుచుకునేవి, లోపల స్టీరింగు, సీటు కూడా ఉండేవి. తాను తోలేది అచ్చం ఇలాంటిదేనని చెప్పారు.

నాన్న లేకుండా క్రిస్మస్ ఏంటి... నేనొప్పుకోలేదు. ఆ లారీని తీసుకెళ్లి పాకలో గొర్రెల పక్కన పెట్టేశాను. దాని పక్కన అంతర్వేది తీర్థంలో కొన్న ప్లాస్టిక్ సిపాయిని నిలబెట్టాను. జానెడు పొడుగు. తల కప్పుకి తగులుతోందంటే, సిపాయిని తియ్యలేదు, కప్పునే కాస్త ఎత్తించాను. ఆయనే మా నాన్న.

మా పెదనాన్నగారి అబ్బాయి బాబ్జీ అన్నయ్యకి అన్నీ కొలత ప్రకారం ఉండాలి. వచ్చి చూసి నడుం మీద చేతులు వేసుకున్నాడు.

"ఏమే, బాబాయిగారు ఈ బండి తోల్తారా, చంకలో పెట్టుకెళ్తారా?"

"మా నాన్న పెద్దోరు. బండే చిన్నది."

"గొర్రె కంటే చిన్న లారీ ఎక్కడుంటాదే? చూసినోళ్లు నవ్వుతారు."

"నవ్వనీ."

నవ్వారు కూడా. క్యారల్స్‌కి వచ్చినవాళ్లందరూ నవ్వారు. పాస్టరుగారు మాత్రం ప్రార్థనకి వచ్చి పాక ముందు ఆగి, "ఈయనెవరమ్మా?" అని అడిగారు. "మా అబ్బాయండీ. సెలవు దొరక్క ఇలా వచ్చేడండి" అంది మామ్మ. "ఆయ్, మంచిదమ్మా" అని ఆయన నాన్న పేరు కూడా ప్రార్థనలో కలిపారు.

బాబ్జీ అన్నయ్య వదల్లేదు. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం... నేనూ అంతే అనుకోండి, ఒకే ఇంటి రక్తం. ఎక్కడ వెతికాడో, వేలి కణుపంత సిపాయిని ఒకణ్ణి పట్టుకొచ్చాడు. కూర్చున్న సిపాయి. లారీ తలుపు తీసి లోపల పెడితే అచ్చు గుద్దినట్టు సరిపోయాడు. చేతులు సరిగ్గా స్టీరింగు మీదకి వచ్చాయి.

"చూడు, ఇప్పుడు బాగుంది" అన్నాడు. నిజంగానే బాగుంది. అందుకే నాకు ఒళ్లు మండింది. వాణ్ణి పీకి ఇంటి పక్క బోదె కాలవలోకి విసరబోతే మామ్మ లాక్కుని కొంగున ముడేసుకుంది.

కొత్త సంవత్సరం వెళ్లాక అందరిళ్లల్లో పాకలు విప్పేశారు. మామ్మ విప్పనివ్వలేదు. "కొడుకు రాకుండా నాకు పండగ ఎలా అయిపోద్ది?" అంది. గడ్డి ఎండిపోయి, కమ్మలు రాలిపోతున్నా అలాగే ఉంచింది.

ఆ నెలాఖరుకి నాన్న వచ్చారు. రావులపాలెంలో బస్సు దిగి, ఆటో కట్టించుకుని, ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చారు... నేను తెల్లబోయాను. నా మనసులో ఉన్న మనిషి ఆ గుమ్మంలో పట్టరు. ఈయన మామ్మ కంటే నాలుగు వేళ్లు ఎత్తు, అంతే.

మామ్మ కొంగు ముడి విప్పి చిన్న సిపాయిని ఆయన చేతిలో పెట్టింది. బాబ్జీ అన్నయ్య దీనికోసమే కాచుకుని ఉన్నాడు. "బాబాయ్, మీరే చెప్పండి. ఇద్దరిలో ఎవరు మీరు?"

నాన్న నేల మీద బోర్లా పడుకుని పాకలోకి తొంగి చూశారు. చిన్నవాణ్ణి లారీ సీట్లో కూర్చోబెట్టారు. "ఈడేరా. బండి తోలాలంటే ఈ మాత్రమే ఉండాలి" అన్నారు.

నేను ఏడుపు లంకించుకున్నాను. "వాడొద్దు నాన్నా... వాడు బండిలో పట్టేస్తాడు. పడితే మీరు మళ్లీ వెళ్లిపోతారు. పెద్దాయనైతే ఎక్కలేరు."

అన్నయ్య తల దించుకున్నాడు. అమ్మ వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. అన్నాళ్లూ అంత గట్టిగా ఎందుకు పట్టుబట్టానో ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా నాకే తెలియదు.

సెలవు అయిపోయిన రోజు నాన్న లారీనీ, ఆ చిన్నవాణ్ణీ తన పెట్టెలో పెట్టుకున్నారు. "ఈడు నాతో వస్తాడమ్మా. ఆ పెద్దాయన ఎక్కడికీ వెళ్లడు, నీ దగ్గరే ఉంటాడు" అన్నారు. ఆ ఒప్పందం నాకు నచ్చింది. ఏడవకుండా సాగనంపాను. మామ్మ ఆ సాయంత్రమే పాక విప్పింది.

మొన్న అమలాపురంలో బాబ్జీ అన్నయ్య ఇంటికి వెళ్లాను. గాజు బీరువా నిండా ట్యాంకులు, జీపులు, సిపాయిలు... ఆదివారాలు స్నేహితులతో బల్ల మీద యుద్ధాలాడతాడు. ఒక చోట కొన్న సిపాయి ఇంకో చోట కొన్నవాడి కంటే గోరంత పొడుగైనా వరసలోకి రానివ్వడు. "రెండు పెట్టెల మీదా ఒకే కొలత రాస్తారే, తీరా చూస్తే తేడా" అని పోయి పోయి నాతో చెప్పుకుంటున్నాడు. నవ్వుకున్నాను... మనిషి బండి కంటే పెద్దగానే ఉండాలన్నది నా మాట. ఇప్పటికీ అదే మాట.

ఇప్పుడు మా ఇళ్లల్లో పాక కూడా సెట్టుగానే కొంటున్నాం. కప్పుకీ, మనుషులకీ, పశువులకీ ఒకటే లెక్క. అందంగానే ఉంటుంది, కాదనను... కానీ పండక్కి రాలేని మనిషిని తెచ్చి నిలబెట్టుకుందామంటే అందులో చోటుండట్లేదు. మీ పాకలో, మీ బొమ్మల కొలువులో... అలా ఎవరి కోసం కప్పు ఎత్తించారు మీరు?